పాత ఏల్ తిరిగి వస్తే, దాని కొలత కూడా తిరిగి రావాలి

మద్యపానం ఆరోగ్యానికి హానికరమని సీసా మీదే అచ్చువేసి అమ్ముతున్న కాలమిది. అటువంటప్పుడు స్కాట్లాండ్‌లో ఎన్నడో తయారీ ఆగిపోయిన కొన్ని బీరు రకాల గురించి ఒక వైద్యుడు ఎందుకు రాయాలని పాఠకులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే.

మూతపడిన బ్రూవరీల పాత దస్తరాలను తిరగేసి, అక్కడ ఒకప్పుడు తయారైన ఏల్‌ను తమ వంటింట్లో మళ్లీ తయారుచేసే గృహస్థులు బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ఉన్నారు. ఇది చరిత్ర పట్ల ప్రేమతో చేసే పని. అయితే దీనితోపాటు ఒక మాట కూడా ప్రచారంలోకి వస్తోంది: ‘ఇది ఇంట్లో చేసింది, రసాయనాలు లేనిది, పూర్వుల పద్ధతిది, కాబట్టి ఒంటికి హాని చేయదు.’ ఆ దేశాలలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు కూడా ఈ మాటను నమ్మే అవకాశం ఉంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. పాత ఏల్‌ను పునఃసృష్టించే ప్రయత్నం మెచ్చుకోదగినది. దానికి తగిలించిన ఆరోగ్య వాదన మాత్రం నిలబడదు. ఈ రెంటి నడుమ చాలామంది మరచిపోయే విషయం ఒకటుంది. అది కొలత.

ముందుగా ఏల్ అంటే ఏమిటో తెలుసుకుందాం. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్ట్ అవుతుంది. దానిని సుమారు 65 నుంచి 67 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో గంటసేపు ఉంచితే అందులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆ తియ్యని నీటిని వడగట్టి, చేదునిచ్చే హాప్స్ పువ్వులు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలుపుతారు. గది ఉష్ణోగ్రతకు దగ్గరగా పులిసేది ఏల్. ఇంకా చల్లగా, ఎక్కువ రోజులు పులిసేది లాగర్. మన దుకాణాలలో బీరు పేరుతో కనిపించేది ఎక్కువగా లాగరే.

స్కాట్లాండ్ ఏల్ రకాలకు వింతైన పేర్లుండేవి: 60 షిల్లింగులు, 70 షిల్లింగులు, 80 షిల్లింగులు, 90 షిల్లింగులు. పందొమ్మిదో శతాబ్దంలో ఒక్కొక్క పీపాకు వేసిన ధరను బట్టి ఈ పేర్లు వచ్చాయి. ఘాటు పెరిగేకొద్దీ ధర పెరిగేది. తరువాతి కాలంలో ధరలు మారిపోయినా పేర్లు నిలిచాయి. ఇరవయ్యో శతాబ్దపు లెక్కలో 60 షిల్లింగుల ఏల్ సుమారు మూడు శాతం ఆల్కహాలుతో అన్నిటికంటే తేలికైనది. దానికి ‘లైట్’ అని మరో పేరు. రంగులో తేలిక అని దీని అర్థం కాదు, చాలాసార్లు అది ముదురు గోధుమ రంగులోనే ఉండేది. 70 షిల్లింగులది ‘హెవీ’, 80 షిల్లింగులది ‘ఎక్స్‌పోర్ట్’. ఆరు శాతం దాటిన ఘాటైన రకాన్ని ‘వీ హెవీ’ అనేవారు. స్కాట్ల భాషలో ‘వీ’ అంటే చిన్నది. ఈ ‘చిన్నది’ అనే మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్లీ దాని దగ్గరకే వస్తాను.

ఇవి ఎందుకు మాయమయ్యాయి? ఎడిన్‌బరో, అలోవా పట్టణాలు ఒకప్పుడు బ్రూవరీలకు పెట్టింది పేరు. 1931లో విలియం యంగర్, మెక్‌యూవన్ అనే రెండు పెద్ద సంస్థలు ఒక్కటయ్యాయి. 1960లో అవి న్యూకాజిల్ బ్రూవరీలతో కలిసి స్కాటిష్ అండ్ న్యూకాజిల్ సంస్థగా మారాయి. చిన్న బ్రూవరీలను పెద్దవి కొనడం, కొన్నవాటిని మూసివేయడం ఆ దశాబ్దంలో మామూలైపోయింది. జనం అభిరుచి కూడా లాగర్ వైపు మళ్లింది. అలోవాలో 1830లో మొదలైన మెక్లే బ్రూవరీలో 1999లో తయారీ ఆగిపోయింది. ఎడిన్‌బరోలో 1869 నుంచి నడిచిన కాలిడోనియన్ బ్రూవరీ 2022లో మూతపడింది. ఈ వరుసలో అందరికంటే ముందు, అందరికంటే నిశ్శబ్దంగా కనుమరుగవుతూ వచ్చింది తేలికైన 60 షిల్లింగుల ఏల్.

వీటిని మళ్లీ బతికించే పనికి చట్టమే దారి తెరిచింది. బ్రిటన్‌లో ఇంట్లో బీరు కాచుకోవడానికి లైసెన్సు తీసుకోవాలన్న నిబంధనను 1963లో ఎత్తివేశారు. అమ్మకూడదు, సొంతానికి చేసుకోవచ్చు. 1965లో స్కాట్లాండ్ సరిహద్దు ప్రాంతంలోని ట్రాక్వేర్ హౌస్ యజమాని పీటర్ మాక్స్‌వెల్ స్టూవర్ట్, తమ ఇంటి ఆవరణలో వాడకం లేక పడివున్న పద్దెనిమిదో శతాబ్దపు బ్రూవరీని తిరిగి నడిపించారు. 1971లో లండన్ శివార్లలో గృహ తయారీదారులు కొందరు డర్డెన్ పార్క్ బీర్ సర్కిల్ అనే సంఘంగా ఏర్పడి, పాత బ్రిటిష్ బీర్ల తయారీ వివరాలు సేకరించి, చేసి చూసి, పుస్తకంగా ప్రచురించారు. మూతపడిన స్కాటిష్ బ్రూవరీల దస్తరాలు చెత్తబుట్ట పాలు కాకుండా స్కాటిష్ బ్రూయింగ్ ఆర్కైవ్ ఏర్పడింది. అది నేడు గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఉంది.

ఆ దస్తరాలు ఆసుపత్రిలో మనం చూసే కేసు షీట్ల వంటివి. ఏ రోజున ఎంత మాల్ట్ వేశారు, హాప్స్ ఎంత, నీటి వేడి ఎంత, పులియడానికి ముందు ద్రవం సాంద్రత ఎంత, పులిసిన తరువాత ఎంత అన్నవన్నీ అందులో అంకెలతో ఉంటాయి. వాటిని ఓపికగా చదివిన రాన్ ప్యాటిన్‌సన్ వంటి పరిశోధకులు, స్కాటిష్ ఏల్ గురించి లోకమంతా చెప్పుకునే కొన్ని కథలకు ఆధారం లేదని చూపారు.

చలిదేశం గనుక స్కాట్లాండ్‌లో హాప్స్ పండవని, అందుచేత అక్కడి ఏల్‌లో హాప్స్ నామమాత్రమేనని ఒక కథ. హాప్స్ పండకపోవచ్చు, కానీ కొనుక్కుని తెచ్చుకోవడానికి అడ్డేమిటి? ఎడిన్‌బరో బ్రూవరీలు ఇంగ్లండ్ నుంచి, ఇతర దేశాల నుంచి హాప్స్ తెప్పించుకునేవి. హాప్స్ దండిగా వేసిన పేల్ ఏల్‌ను భారతదేశానికి సైతం ఎగుమతి చేసేవి. బొగ్గునేల పొగలో ఆరబెట్టిన మాల్ట్ వాడేవారని మరో కథ. ఆ పొగ వాసన విస్కీకి చెందినది. ఏల్ దస్తరాలలో కనిపించేది మామూలు మాల్ట్, మొక్కజొన్న, చక్కెర, రంగు కోసం కారమెల్. ‘రసాయనాలు లేని స్వచ్ఛమైన పాత వంటకం’ అని ఊహించుకునేవారు ఈ కారమెల్ మాట గమనించాలి.

హెదర్ పువ్వులతో చేసే ఏల్ కథ ఇంకొకటి. గ్లాస్గోలో గృహ తయారీ సామగ్రి దుకాణం నడిపిన బ్రూస్ విలియమ్స్ దానిని 1990ల మొదట్లో ‘ఫ్రేఖ్’ పేరుతో మార్కెట్లోకి తెచ్చారు. అది మంచి ప్రయత్నమే. కానీ ప్రాచీన పిక్టుల రహస్యమంటూ దాని చుట్టూ అల్లుకున్న గాథ వేరు, దస్తరం వేరు. ఆధారం ఉన్నదానిని పునఃసృష్టి అనాలి, లేనిదానిని కొత్త సృష్టి అనాలి. రెండూ గౌరవప్రదమే, కలిపి చెప్పడమే తప్పు. ‘మా తాతల కాలం నుంచీ’ అని మొదలయ్యే ప్రతి చిట్కాను ఒక వైద్యుడు ఏ కన్నుతో చూడాలో, ఈ కథలనూ ఆ కన్నుతోనే చూడాలి.

ఇంకొకటి. ‘సంప్రదాయం’ ఎప్పుడూ ఒక్కటిగా లేదు. బ్రిటన్‌లో ప్రమాణ పీపా బీరుపై పన్నును 1914 నవంబరులో 7 షిల్లింగుల 9 పెన్నీల నుంచి 23 షిల్లింగులకు పెంచారు. 1920 నాటికి అది 100 షిల్లింగులైంది. యుద్ధకాలంలో ధాన్యానికీ కట్టడి వచ్చింది. దానితో బీరు ఘాటు బాగా తగ్గిపోయింది. మూడు శాతం ఏల్ ఇలా వచ్చిందే గాని, ఎవరో మహర్షి ఆరోగ్యం కోసం ఉపదేశించింది కాదు. కారణం పన్నే అయినా, ఒక శ్రామికుడు సాయంత్రం తాగే గ్లాసులో ఆల్కహాలు తగ్గింది. వైద్యుడిగా నాకు ముఖ్యమైనది ఆ ఫలితం.

ఇప్పుడు ‘చిన్నది’ అన్న మాటకు వస్తాను. ప్రెస్టన్‌పాన్స్‌లోని ఫౌలర్ బ్రూవరీ పేరుపొందిన వీ హెవీని పింటులో మూడో వంతు సీసాలలో, అంటే సుమారు 190 మిల్లీలీటర్ల చొప్పున అమ్మేది. పానీయం ఘాటైనది గనుక సీసా చిన్నది. అది ఆరోగ్యం కోసం కాదు, ధర కోసమే కావచ్చు. పాతకాలం వారంతా మితంగా తాగారని కూడా నేను అనడం లేదు. పందొమ్మిదో శతాబ్దపు తాగుబోతుతనం చరిత్రకెక్కినదే. అయినా ఆ సీసాలో ఒక మోతాదు ఇమిడివుంది. నేటి గృహ తయారీదారు అదే వంటకాన్ని దస్తరంలోని ప్రతి అంకె పాటించి చేసి, చివరకు 500 మిల్లీలీటర్ల సీసాలో నింపుతాడు. వంటకం తిరిగి వచ్చింది, కొలత రాలేదు.

లెక్క చూద్దాం. బ్రిటన్‌లో 10 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాలును ఒక యూనిట్ అంటారు. పానీయం మిల్లీలీటర్లను ఆల్కహాలు శాతంతో గుణించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు వస్తాయి. ఏడు శాతం ఏల్ 190 మిల్లీలీటర్లలో 1.3 యూనిట్లు, అదే 500 మిల్లీలీటర్ల సీసాలో 3.5 యూనిట్లు. 3.2 శాతం ఉన్న 60 షిల్లింగుల ఏల్ పూర్తి పింటు, అంటే 568 మిల్లీలీటర్లు తాగినా 1.8 యూనిట్లే. వారానికి 14 యూనిట్లు మించవద్దని బ్రిటన్ వైద్యాధికారులు 2016లో చెప్పారు. నాలుగు పెద్ద సీసాల వీ హెవీతోనే ఆ హద్దు నిండిపోతుంది.

ఆ హద్దు కూడా అభయహస్తం కాదు. ఆల్కహాలు క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మొదటి వర్గంలో చేర్చింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లకు దానితో సంబంధం ఉంది. నిరపాయమైన పరిమాణమంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. ఆల్కహాలు అణువుకు తాను ఇంట్లో పుట్టానో, కర్మాగారంలో పుట్టానో తెలియదు, కాలేయానికీ తెలియదు. ఈ ఏల్‌కు పుట్టినిల్లయిన స్కాట్లాండ్‌లోనే 2023లో కేవలం ఆల్కహాలు కారణంగా 1,277 మంది మరణించారు. యూనిట్‌కు కనీస ధర నిర్ణయిస్తూ 2018లో అక్కడ చట్టం అమలులోకి రావలసి వచ్చింది.

‘పాతకాలపు డాక్టర్లే బాలింతలకు నల్లని స్టౌట్ బీరు తాగమనేవారు కదా’ అని కొందరంటారు. అనేవారు, నిజమే. అది మా వృత్తి చేసిన పొరపాట్ల జాబితాలో చేరవలసిన సలహా. పాతది అయినంత మాత్రాన సలహా మందు కాదు.

ఇక చట్టం అనుమతించిన దేశాలలో ఉండి ఈ పని చేసేవారికి కొన్ని సూచనలు.

మొదటిది, హైడ్రోమీటరు లేకుండా తయారీ మొదలుపెట్టవద్దు. పాలలో నీళ్లు పట్టించే లాక్టోమీటరు వంటిదే ఇది. పులియక ముందు 1.034, పులిసిన తరువాత 1.010 చూపిందనుకోండి, తేడాలోని 24ను 0.131తో గుణిస్తే ఆల్కహాలు సుమారు 3.1 శాతం. ఆ అంకెను ప్రతి సీసా మీద రాయండి. అతిథికి పోసేటప్పుడు ఆ అంకె చెప్పండి.

రెండవది, మరిగించిన తరువాత తాకే ప్రతి పాత్రా శుభ్రంగా ఉండాలి. హాప్స్, ఆమ్లత్వం, ఆల్కహాలు కలిసి రోగకారక క్రిములను చాలావరకు పెరగనివ్వవు గాని, పులుపెక్కి పాడవడం మామూలే. పులియడం పూర్తికాక ముందే సీసాలో నింపినా, చక్కెర ఎక్కువ వేసినా, వాయువు ఒత్తిడికి సీసా పగిలి కళ్లకు ప్రమాదం.

మూడవది, ధాన్యపు బీరులో మిథైల్ ఆల్కహాలు భయపడదగినంత ఉండదు. కానీ దానిని బట్టీపెట్టి సారాగా మార్చే ప్రయోగం ఎవరూ చేయరాదు. అది ప్రాణాంతకం, బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ లైసెన్సు లేనివారికి నేరం.

నాలుగవది, గర్భిణులు, కాలేయ వ్యాధి ఉన్నవారు, నిద్రమాత్రలు, మెట్రోనిడజోల్ వంటి మందులు వాడేవారు దీని జోలికి పోరాదు. మధుమేహానికి ఇన్సులిన్ లేదా చక్కెరను తగ్గించే మాత్రలు వాడేవారికి రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గౌట్ ఉన్నవారికి కీళ్లనొప్పి తిరగబెడుతుంది. బార్లీలో గ్లూటెన్ ఉంటుంది గనుక సీలియాక్ రోగులకు ఇది నిషిద్ధం.

మన రెండు తెలుగు రాష్ట్రాలలో లైసెన్సు లేకుండా ఏ మద్యం తయారుచేసినా ఎక్సైజు చట్టం ప్రకారం నేరమే. ఇక్కడివారు దీనిని చరిత్రగా చదువుకుంటే చాలు.

తాగనివారు ఈ ఏల్ కోసం తాగడం మొదలుపెట్టవలసిన పని లేదు. తాగేవారు, అందులోనూ పాతదానిని బతికించాలని నిజంగా కోరుకునేవారు, ఘనత చాటే ఘాటైన రకాలను కాక, ఎవరూ పట్టించుకోని 60 షిల్లింగుల ఏల్‌ను ముందుగా బతికించాలని నా సూచన. నిజంగా ఆగిపోయింది అదే. మూడు శాతంలో రుచి నిలపడం ఏడు శాతంలో నిలపడం కంటే కష్టం. నేర్పు తెలిసేది అక్కడే. వీ హెవీ చేసి తీరాలనుకుంటే, దాని చిన్న సీసాను కూడా వెతికి తెచ్చుకోండి. దస్తరం చూసి మాల్ట్‌ను గ్రాములతో సహా తూచేవారికి, గ్లాసులో పోసేది కొలవడం ఒక లెక్క కాదు.