రూట్ పాస్‌వర్డ్ పిల్లలకివ్వండి

మా డిగ్రీ కాలేజీ ల్యాబులో తుక్కుకి వేయబోయిన డెస్క్‌టాప్ ఒకటి అడిగి తెచ్చుకున్నాను. 2 జీబీ ర్యామ్. బొమ్మల తెర ఏదీ లేకుండా డెబియన్ 12 ఎక్కించి, రూట్ పాస్‌వర్డ్ రెండో ఏడాది పిల్లల చేతికిచ్చాను. ‘ఆప్ట్ ఇన్‌స్టాల్ అపాచీ2’ అని కొట్టారు. కాసేపటికే పక్క కంప్యూటర్ బ్రౌజర్‌లో అపాచీ తొలి పేజీ కనిపించింది. లైసెన్సు ఖర్చు లేదు. డెబియన్ 1993 నుంచి, అపాచీ 1995 నుంచి ఇలాగే అందరికీ అందుతున్నాయి.

అసలు చదువు ఆ తర్వాత మొదలైంది. ఒకమ్మాయి తన పేజీని సొంత హోమ్ ఫోల్డర్‌లో పెట్టి, సర్వర్‌ని అటు మళ్లించింది. 403, అంటే అనుమతి లేదు అని వచ్చింది. కారణం నేను చెప్పలేదు, లాగ్ ఫైలు చదవమన్నాను. రెండు రోజులు పట్టింది. డెబియన్‌లో అపాచీ ‘డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా’ అనే వేరే యూజర్ పేరుతో నడుస్తుంది, ఆ యూజర్‌కి ఆమె ఫోల్డర్‌లోకి దారి లేదు. సర్వర్‌లోకి ఎవరైనా చొరబడినా ఇల్లంతా వాళ్ల చేతికి చిక్కకుండా పెట్టిన కట్టడి అది. పేజీని ‘వర్’ కింద ఉన్న వెబ్ ఫోల్డర్‌కి మార్చి, సర్వర్‌ని మళ్లీ అటు తిప్పింది, తెరుచుకుంది. ఆ ముఖం చూడాలి!

పరీక్షలో మాత్రం వెబ్ సర్వర్ నిర్వచనం రాస్తే మార్కులు. లాగ్ ఫైలు తెరవని పిల్లవాడికీ వస్తాయవి. నాకిది బాధగా ఉంది. ప్రాక్టికల్ మార్కులు చెడిపోయిన సర్వర్‌ని బాగుచేసినందుకు ఇవ్వాలి.

వచ్చే సెమిస్టర్‌కి ఇంకో మూడు పాత మిషన్లు అడిగాను.