తల్లి దిగులు, బిడ్డ బరువు

కడుపుతో ఉన్న పిల్లను ఏడిపించకూడదని మన పల్లెల్లో పెద్దలు అంటారు. ఏలీ కోడలు, ఫీనెహాసు భార్య సంగతి మీకు తెలుసు. మందసము పోయిందనీ, మామా భర్తా చనిపోయారనీ వినగానే ఆమెకు నొప్పులు వచ్చాయి. బిడ్డను కని కన్నుమూసింది. ఈకాబోదు అనే పేరు మీద ప్రసంగాలు చాలా విన్నాం గానీ, ఆ తల్లి గురించి విన్నవి తక్కువే.

అమెరికాలో పసికందుల లెక్కలు చూస్తుంటే ఆమె గుర్తొచ్చింది. 2022లో అక్కడ పుట్టిన ప్రతి వెయ్యి మంది నల్లజాతి బిడ్డల్లో దాదాపు 11 మంది ఏడాది నిండకుండానే పోయారు. తెల్లవారి బిడ్డల్లో ఆ సంఖ్య 5 లోపే. పేదరికం వల్లనేమో అనుకుంటాం. కానీ తల్లిదండ్రులిద్దరూ కాలేజీ చదువులు చదివినా ఆ తేడా పోలేదని 1992లోనే ఒక పరిశోధన చూపింది. పోనీ, రక్తంలోనే ఉందా? రిచర్డ్ డేవిడ్, జేమ్స్ కాలిన్స్ అనే వైద్యులు ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టిన బిడ్డల బరువులు పోల్చి 1997లో ప్రకటించారు. ఆఫ్రికాలో పుట్టి అమెరికాకు వచ్చిన నల్ల తల్లుల బిడ్డల బరువు, అమెరికాలోనే పుట్టిన నల్ల తల్లుల బిడ్డలకంటే తెల్లవారి బిడ్డల బరువుకే దగ్గరగా ఉంది. రక్తం కాదన్నమాట.

ఎండకూ వానకూ తలుపుచెక్క పాడైనట్టు, ఏళ్ల తరబడి పడ్డ అవమానమూ భయమూ ఒంటిని ముందే అరగదీస్తాయని అర్లీన్ జెరోనిమస్ అనే పరిశోధకురాలు చెప్పింది. మాకు అది సబబుగా తోస్తుంది. ఇదొక్కటే కారణమని అనం. ఆసుపత్రిలో నల్ల తల్లి మాట చెవిన పెట్టకపోవడమూ ఉంది.

అయితే ఇలాంటి తల్లితో "దిగులు పడకమ్మా, ప్రార్థన చేసుకో" అని చెప్పి లేచి వచ్చేయడం మాత్రం మాకు మింగుడు పడదు. ఆమె దిగులును ఆమె తప్పుగా చేయడమే అది.

2008 మే 12న అయోవా రాష్ట్రంలోని పోస్ట్‌విల్ అనే చిన్న ఊళ్లో మాంసం ఫ్యాక్టరీ మీద వలస అధికారులు దాడి చేసి 389 మందిని పట్టుకెళ్లారు. తర్వాతి నెలల్లో ఆ రాష్ట్రమంతటా లాటినో తల్లులకు తక్కువ బరువు బిడ్డలు పుట్టే అవకాశం, అంతకుముందు ఏడాదితో పోలిస్తే 24 శాతం పెరిగింది. అమెరికాలోనే పుట్టిన లాటినో తల్లులకూ పెరిగింది. తెల్ల తల్లుల్లో ఆ పెరుగుదల లేదు. ఆ తల్లులకు ప్రార్థన తక్కువైందా? ఆ మాట దాడికి ఆజ్ఞ ఇచ్చినవారిని అడగాలి.