మాట్లాడనివ్వని తరగతిలో రాత ఎలా వస్తుంది?

ఏడో తరగతి తెలుగు పీరియడులో ఎక్కువసార్లు వినిపించే ప్రశ్న 'అర్థమైందా?'. తరగతంతా ఒకే గొంతుతో చెప్పే జవాబు 'అయింది టీచర్'. తర్వాత ప్రశ్నలూ జవాబులూ బోర్డు మీదికి ఎక్కుతాయి, పిల్లలు వాటిని నోటుబుక్కుల్లోకి దించుకుంటారు, గంట కొడతారు. ఆ నలభై నిమిషాల్లో ఒక పిల్లవాడు తనంతట తానుగా నాలుగు వాక్యాలు వరుసగా మాట్లాడిన సందర్భం ఉండదు. పక్కవాడు చెప్పింది విని దానికి బదులివ్వాల్సిన అవసరం రాదు. తన మాటల్లో ఒక పేరా రాసే పని పడదు. మూడేళ్లు ఇలా గడిపి పదో తరగతికి వచ్చిన పిల్లవాడు సొంతంగా ఒక వాక్యం రాయలేకపోతే, 'ప్రాథమిక స్థాయిలోనే పునాది పడలేదు' అని తేల్చేస్తాం. పునాది లోపం ఉండొచ్చు. కానీ ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో మనం ఏం నేర్పాం అన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే.

ప్రభుత్వాల చూపు రెండు కొసల మీదే ఉంది. 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యం మూడో తరగతికల్లా చదవడం, రాయడం, లెక్కలు. తెలంగాణలో 'తొలిమెట్టు' ప్రాథమిక తరగతుల కోసం వచ్చింది. రెండో కొసన పదో తరగతి ఫలితాలు ఉండనే ఉన్నాయి. మధ్యలో ఉన్న ప్రాథమికోన్నత దశ కోసం 'ఉన్నతి' లాంటి ప్రయత్నాలు జరిగినా, కొలత దగ్గరికి వచ్చేసరికి అంతా పాత దారే. గ్రామీణ పిల్లల చదువును కొలిచే అసర్ సర్వేలో పిల్లల చేత అక్షరాలు, పదాలు, చిన్న కథ చదివిస్తారు, లెక్కలు చేయిస్తారు. 2024 డిసెంబరులో మూడు, ఆరు, తొమ్మిది తరగతులకు జరిగిన పరఖ్ జాతీయ సర్వేలో ఇచ్చిన జవాబుల్లోంచి సరైనది ఎంచుకోవాలి. రెండూ అవసరమైన సర్వేలే. అయితే 'నీకు తెలిసిన విషయం రెండు నిమిషాలు చెప్పు', 'ఇప్పుడు విన్నది నీ మాటల్లో చెప్పు', 'ఒక పేజీ రాయి' అని ఈ రెండింటిలో ఏదీ అడగదు. కొలవని దానికి టైమ్‌టేబుల్‌లో చోటు దొరకదు.

కాగితం మీద లోటేమీ లేదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో మార్చిన తెలుగు వాచకాల్లో వినడం, ఆలోచించి మాట్లాడటం అనేవి సాధించాల్సిన సామర్థ్యాల జాబితాలోనే ఉన్నాయి. స్వీయరచన ఉంది, ప్రాజెక్టు పని ఉంది. పాఠానికి ముందు 'చదవండి – ఆలోచించి చెప్పండి' అంటూ ఒక బొమ్మో చిన్న పేరానో ఇచ్చి, దాని కింద ప్రశ్నలు పెట్టారు. వాటికి ఒకే సరైన జవాబంటూ ఉండదు. మాట పుట్టించడమే వాటి పని. ఆచరణలో ఏం జరిగింది? ఆ ప్రశ్నలకూ గైడుల్లో జవాబులు అచ్చయ్యాయి. 'ఆలోచించి చెప్పండి' కాస్తా 'చూసి రాసుకోండి'గా మారింది. పిల్లల భాగస్వామ్యానికీ స్పందనలకీ నిర్మాణాత్మక మూల్యాంకనంలో కేటాయించిన మార్కులు చాలాచోట్ల రిజిస్టరు నింపేటప్పుడు మాత్రమే గుర్తుకొస్తాయి.

ఆ మార్కుల విలువను ప్రభుత్వాలు కూడా గట్టిగా నమ్మినట్టు లేదు. 2024 నవంబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం పదో తరగతిలో 20 అంతర్గత మార్కులు ఎత్తేసి, నూటికి నూరు మార్కులకూ రాతపరీక్ష పెడతామని ప్రకటించింది, వెంటనే ఆ ఏడాదికి వాయిదా వేసింది. అంతర్గత మార్కుల్ని పాఠశాలలు ఉదారంగా పంచిపెడుతున్నాయన్న ఫిర్యాదులో నిజం లేకపోలేదు. కానీ పిల్లవాడి నోటిమాటకు విలువ కట్టగలిగిన చోటు అదొక్కటే. దాన్ని సరిదిద్దాలి కానీ తీసేయకూడదు.

మాట్లాడటం, వినడం ముఖ్యమని మనవాళ్లు నిజంగా ఒప్పుకున్నది ఇంగ్లిష్ విషయంలోనే. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకుని సర్కారు బడుల్లో టోఫెల్ ఇంగ్లిష్ పరీక్ష తెచ్చింది. ప్రాథమిక తరగతులకు ప్రైమరీ, ఆరు నుంచి పైవాళ్లకు జూనియర్. వినికిడి ప్రశ్నలకు జవాబివ్వాల్సిన పరీక్ష పల్లెటూరి బడిలోకి రావడం కొత్త సంగతి. ఆ పథకం ఖర్చు మీదా ఫలితాల మీదా రాజకీయ వాదన నడిచింది, ప్రభుత్వం మారాక పథకం కొనసాగలేదు. ఆ వాదన అలా ఉంచితే, మనకు పట్టాల్సిన విషయం ఇంకొకటుంది. ఇంట్లో ఇంగ్లిష్ మాట వినపడని పిల్లవాణ్ని ఇంగ్లిష్‌లో విను, ఇంగ్లిష్‌లో చెప్పు అన్నాం. అదే పిల్లవాడు తనకు బాగా వచ్చిన తెలుగులో ఒక అభిప్రాయాన్ని కారణంతో సహా చెప్పడం ఎప్పుడు నేర్చుకున్నాడు? చెప్పేదాన్ని వరుసలో పెట్టడం, ఎదుటివాడి ప్రశ్నను చివరిదాకా వినడం, తెలియనప్పుడు మళ్లీ అడగడం ఏ ఒక్క భాష సొత్తూ కాదు. తెలుగులో అలవడితే ఇంగ్లిష్‌లోకి నడిచొస్తాయి. తెలుగులోనే లేనప్పుడు ఇంగ్లిష్‌లో బట్టీ పట్టిన నాలుగు వాక్యాలే మిగులుతాయి.

ఈ చర్చకు మన దగ్గర నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. పిల్లలు ఏ తెలుగులో వ్యాసం రాయాలన్న ప్రశ్న మీదే గిడుగు రామమూర్తి పోరాడారు. తెలుగు వ్యాసరచన ఏ భాషలో ఉండాలో తేల్చడానికి మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన ఉపసంఘంలో గురజాడ అప్పారావు మిగతావారితో విభేదించి, 1914లో సుదీర్ఘమైన అసమ్మతి పత్రం సమర్పించారు. అప్పుడు నెగ్గింది గ్రాంథికవాదులే. తర్వాతి దశాబ్దాల్లో పత్రికలూ పాఠ్యపుస్తకాలూ వ్యావహారికానికి మారాయి. తరగతి గదిలో మాత్రం ఆ తగాదా పూర్తిగా తీరలేదు. 'మా నాయిన పొద్దుగాలనే బాయికాడికి పోతడు' అని ధారాళంగా చెప్పే సిద్దిపేట పిల్లవాడూ, 'మా అయ్య పొద్దున్నే పొలం ఎళిపోతాడు' అనే శ్రీకాకుళం పిల్లా పెన్ను పట్టుకోగానే 'మా తండ్రిగారు ఉదయముననే పొలమునకు వెళ్లును' అని రాయడానికి తంటాలు పడతారు. ఆ వాక్యం వాళ్లది కాదు కాబట్టి రెండోది రాదు. ముందు వాళ్ల మాటలోనే రాయనిచ్చి, పత్రికల్లో కనిపించే ప్రమాణ రూపాన్ని దాని పక్కన చూపించొచ్చు. మొదటి మాటకే ఎర్రసిరా పడితే పిల్లవాడు ఆ తర్వాత తప్పులుండని వాక్యాలే, అంటే గైడు వాక్యాలే, రాస్తాడు.

మాట నుంచి రాత ఎలా పుడుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. పల్నాడు వైపు ఒక బడి అనుకోండి. 'మీ ఇంట్లోవాళ్లు చేసే ఒక పని ఎలా చేస్తారో చెప్పండి' అని టీచరు ఇద్దరిద్దరిని జతలుగా కూర్చోబెట్టారు. ఒకమ్మాయి మిరప కల్లం గురించి చెబుతోంది. కాయలు కోసుకొచ్చి కల్లంలో ఆరబోస్తారు, తాలుకాయ ఏరతారు, టిక్కీల్లో, అంటే గోనె సంచుల్లో, తొక్కి గుంటూరు యార్డుకు పంపుతారు. వింటున్న అమ్మాయి వాళ్లది మాగాణి, వరి ఇల్లు. 'తాలుకాయంటే ఏందే?' అంది. 'రంగు పోయి తెల్లబడ్డ కాయ. అది కలిసిందంటే రేటు రాదు.' ఇప్పుడు రెండో అమ్మాయి తాను విన్నదంతా తిరిగి చెప్పాలి, తేడా వస్తే మొదటి అమ్మాయి సరిదిద్దాలి. ఆ తర్వాతే నోటుబుక్కు తీస్తారు. పది వాక్యాలు రాస్తారు. రాసింది పైకి చదివితే, వినేవాళ్లు తమకు అర్థం కాని ఒక్క చోటు చెబుతారు. తాలుకాయ ఎందుకు ఏరతారో మొదటిసారి రాసినప్పుడు వదిలేసిన ఆ అమ్మాయి, ఆ వాక్యాన్ని అక్కడ చేరుస్తుంది. చదివేవాళ్లకు ఏం తెలియదో ఊహించుకుని రాయడం అలాగే వస్తుంది. ఎన్ని లేఖారచన నమూనాలు కాపీ చేసినా ఇది రాదు.

దీనికి సమయం ఎక్కడిదన్నది ఉపాధ్యాయుల న్యాయమైన ప్రశ్న. నలభై మంది ఉన్న గదిలో ఒక్కొక్కరిని లేపి మాట్లాడిస్తే తలా ఒక్క నిమిషానికే పీరియడు అయిపోతుంది. జతల్లో మాట్లాడిస్తే పది నిమిషాల్లోనే ప్రతి పిల్లకీ ఐదేసి నిమిషాలు దొరుకుతాయి. గది గోలగా ఉంటుంది. నిజమే. పక్క గదినుంచి ఫిర్యాదు రావచ్చు, తనిఖీకి వచ్చిన అధికారికి క్రమశిక్షణ లేనట్టు కనిపించొచ్చు. ప్రధానోపాధ్యాయులు ఉపాధ్యాయుల పక్షాన నిలబడాల్సింది ఇక్కడే. పిల్లల మాటలు అల్లరి కాదనీ, బోధనకు పెట్టుబడి అనీ విద్యావేత్త కృష్ణకుమార్ 1986లోనే ఒక చిన్న పుస్తకంలో వివరించారు. అది నలభై ఏళ్ల కిందటి మాట, మన స్టాఫ్‌రూముల్లో ఇంకా కొత్తగానే ఉంది.

దమ్మిడీ ఖర్చులేని మరో మార్పు, ప్రశ్న వేశాక ఆగడం. అమెరికన్ పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో తరగతుల్ని గమనించి, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేల్చారు. మూడు సెకన్లు, ఆపైన ఆగితే జవాబులు పొడవయ్యాయి, మామూలుగా మాట్లాడని పిల్లలూ నోరు విప్పారు. మన గదుల్లో ముందు బెంచీ పిల్లలే అన్నిటికీ జవాబు చెప్పేస్తారు. ఈ వయసులో ఆడపిల్లలు నవ్వుతారేమోనని వెనక్కి తగ్గుతారు. కోయ, గోండి, సవర ఇళ్లనుంచి ఆశ్రమ పాఠశాలకు వచ్చిన పిల్లలకు తెలుగే రెండో భాష, వాళ్లకు ఆ మూడు సెకన్లు ఇంకా అవసరం. ఆగస్టు 15న వక్తృత్వ పోటీకి ప్రతి ఏడూ అదే ముగ్గురిని ఎంపిక చేసి, రాసిచ్చిన ప్రసంగం బట్టీ పట్టించడం వల్ల ఈ పిల్లలకు ఒరిగేది శూన్యం.

వినడాన్ని అసలు నేర్పాలని కూడా మనకు తోచదు. 'మాట్లాడకుండా విను' అనడమే వినడం నేర్పడమైపోయింది. కథ చెప్పేవాళ్లకు ఊకొడుతూ వినడం, మధ్యలో 'అప్పుడేమైంది?' అనడం ఇళ్లలో పిల్లలకు అలవాటే. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి 'బాలానందం' నడిపిన రోజుల్లో ఒక తరం పిల్లలు చెవులతో నేర్చుకున్నారు, రేడియోలో వచ్చిన 'విందాం నేర్చుకుందాం' బడి పిల్లలకు ఆ పనే చేసింది. 2024లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతి ఇంగ్లిష్ వాచకం 'పూర్వి'లో వినడానికీ మాట్లాడటానికీ విడివిడిగా అభ్యాసాలున్నాయి. మన తెలుగు వాచకాల్లోనూ అలాంటి విడి అభ్యాసాలు రావాలి. ఈలోగా ఆ రోజు పత్రికలోంచి ఒక చిన్న వార్తను ఒక్కసారే చదివి, ఎవరు, ఎక్కడ, ఎందుకు అని అడగవచ్చు. సంతలో బేరం, బస్టాండులో ప్రకటన, ఆసుపత్రిలో మందుల చీటీ గురించి చెప్పిన జాగ్రత్తలు, ఇవన్నీ ఒక్కసారి విని గుర్తుపెట్టుకోవాల్సినవే.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి దిద్దుబాటు. ఐదు సెక్షన్లు చెప్పే భాషా ఉపాధ్యాయుడికి రెండు వందల నోటుబుక్కులు. పుస్తకానికి మూడు నిమిషాలు వేసుకున్నా పది గంటలు. అందుకే టిక్కు పెట్టి సంతకం చేసేస్తారు, అందులో ఉపాధ్యాయుల తప్పు పెద్దగా లేదు. వారానికి ఒక సెక్షన్ చొప్పున స్వీయరచనలు మాత్రమే దిద్దాలని, ఒక్కో రచనలో ఒక్క లోపమే ఎత్తిచూపాలని శాఖే మార్గదర్శకం ఇస్తే భారం మోయగలిగినదవుతుంది. బోర్డు మీదినుంచి దించుకున్న ప్రశ్న-జవాబుల నోటుబుక్కుల్ని తనిఖీ అధికారులు లెక్కించడం మానాలి. స్లిప్ టెస్టు మార్కుల్లో కొంత తగ్గించి, జతలో మాట్లాడటానికీ, విన్నది తిరిగి చెప్పడానికీ ఇవ్వొచ్చు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పబ్లిక్ పరీక్ష లేదు కాబట్టి మార్చడం తేలిక. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలకు మార్కుల పట్టికలకు బదులు ప్రతి టీచరూ ఒకే పిల్లవాడి రెండు కాగితాలు తీసుకురావాలి. మొదట రాసింది ఒకటి, తోటివాళ్ల ప్రశ్నలు విన్నాక తిరగరాసింది ఇంకొకటి. వాటి మధ్య తేడా గురించి ఆ పూట మాట్లాడుకోవాలి.