శాలువాతోని పొయ్యి మండుతదా?

ఒక సభ లెక్క చూద్దాం. టెంటుకు అడ్వాన్సు, మైకుసెట్టుకు అడ్వాన్సు. ఫ్లెక్సీ కొట్టేటాయన చేతిల పైసలు పడందే ఫ్లెక్సీ ఇయ్యడు. వంటాయనకు సరుకులు ముందురోజే కొనియ్యాలె. మరి రెండు గంటలు జనాన్ని లేవకుండ కూసోబెట్టిన డప్పు దళానికి? ఒక శాలువా, ఒక మెమెంటో, 'మళ్ల కలుద్దాం అన్నా' అనే ఒక మాట. ఈ లెక్క ఎవరిదో కాదు, మాదే. ఉద్యమంల తిరిగిన మేము రాష్ట్రం వచ్చినంక పెట్టిన సభల్ల గూడ ఇట్లనే చేసినం.

ఉద్యమ కాలం సంగతి వేరు. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఊరూరికీ పాకింది. కళాకారుడు రేటు అడగలేదు. జీపుల డీజిల్ పోసి, రాత్రి ఇంత ఉప్మా పెట్టి సాగదోలితిమి. అందరం జేబు డబ్బులు పెట్టుకొనే తిరిగినం గనుక అది తప్పనిపించలేదు. కానీ రాష్ట్రం వచ్చినంక డిగ్రీలున్న మాకు ఏదో ఒక దారి దొరికింది. గొంతు బొంగురుపోయేదాక పాడినోనికి మిగిలింది 'ఉద్యమ కళాకారుడు' అన్న పేరు. 2014 తర్వాత సాంస్కృతిక సారథి పెట్టి 550 మందిని జీతానికి తీసుకున్నరు. మంచిదే, అన్ని ఇండ్లల్ల నెలకింత వచ్చింది. కానీ గజ్జె కట్టినోళ్లు 550 మందేనా? కొలువు దొరికినోళ్లకు కూడా ఎక్కువగా పాడాల్సొచ్చింది సర్కారు పథకాల పాటలే.

'కళకు వెల కడతారా?' అని కొందరు పెద్దమనుషులు మాట్లాడుతుంటరు. నెల తిరగంగనే జీతం పడేటోళ్లే ఎక్కువగా ఈ మాట అంటరు. మన ఊర్లు కళకు ఎన్నడో వెల కట్టినయి. కూనపులోళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పిన్రు. కాకిపడగలోళ్లు ముదిరాజులకు, డక్కలోళ్లు మాదిగలకు పటం ఇప్పి కథ చెప్పిన్రు. ఫలానా ఊర్లు ఫలానా ఇంటికి మిరాశి. అన్నదమ్ములు భూమి పంచుకున్నట్టు ఆ ఊర్లు పంచుకునేటోళ్లు. కథ ముగిసినంక కులం కట్టియ్యాల్సింది కట్టియ్యాల్సిందే. అది దానం కాదు, హక్కు. ఆ పద్ధతిని మేము నెత్తికెత్తుకోవట్లేదు. కథ చెప్పే డక్కలోన్ని మాదిగ ఇంట్లకు గూడ రానియ్యని దుర్మార్గం అందుల ఉన్నది. దుర్మార్గం పోవాలె. కానీ దాంతో పాటు హక్కు గూడ పోయింది, దాని జాగల శాలువా వచ్చింది.

మిరాశి కూలితే కథ చెప్పేటోడు ఒక్కడే కూలలేదు. ఆ పటం గీసే చేర్యాల నకాశీలు గూడ కూలిన్రు. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూసి, ఆరబెట్టి, ఎర్రటి నేల మీద గజాల కొద్ది కథ గీసేటోళ్లు. పటం అడిగేటోళ్లు తగ్గిన్రు. ఇయ్యాల గోడకు తగిలించే చిన్న బొమ్మలు, మాస్కులు, కీచైన్లు చేసి బతుకుతున్నరు. పెద్ద మాల్‌ల చీటీ మీదున్న ధరకు మారుమాటాడకుండ కార్డు గీకే మనమే, ఎగ్జిబిషన్‌ల నకాశీ దగ్గర 'సగానికిస్తవా' అని బేరం పెడతం.

కిన్నెర మొగిలయ్య సంగతి అందరికీ ఎరుకే. 12 మెట్ల కిన్నెర పట్టిన నాగర్‌కర్నూల్ జిల్లా మనిషి. 2022లో పద్మశ్రీ వచ్చింది. సర్కారు కోటి రూపాయలు ప్రకటించింది. 2024లో ఆయనే ఇల్లు కట్టే దగ్గర కూలి పనిల కనబడ్డడు. ఫొటో చూసి అందరం అయ్యో అన్నం. 'కోటి ఏం చేసిండు?' అని గూడ అడిగినం. మరి కిన్నెర వాయించేటందుకు నెలకు ఎన్నిసార్లు ఎవరు పిలిచిన్రు, పిలిచి ఎంతిచ్చిన్రు? ఈ ముచ్చట మేము గూడ రాయలేదు. ఎంత పెద్ద బహుమతైనా ఖర్చు గాకుండ ఉంటదా? పని ఉంటేనే పొయ్యి మండుతది.

సర్కారును అడగాల్సింది అడుగుదాం: ప్రతి సర్కారు సభకు దళానికింత అని రేటు కట్టాలె, సగం ముందే ఇయ్యాలె. అయితే అడిగే ముందు మా ఖర్చుల బుక్కు మేము సరిజేసుకోవాలె. ఒకసారి సభ అయినంక అర్ధరాత్రి ఒక డప్పు తమ్ముడు మా దగ్గరికొచ్చి మెల్లగ అడిగిండు, 'అన్నా, ఈ శాలువా వాపసు తీసుకొని బస్ కిరాయిలిస్తరా?' ఆయన నవ్వుకుంటనే అడిగిండు. మేము జేబులు తడుముకున్నం. మైకాయనకు అప్పటికే అంతా ఇచ్చేసినం.