ఆడిటర్ లాయర్ పని కూడా చేయొచ్చా? జైనూర్ లాంటి ఏజెన్సీలో ఒక్క అగ్రిమెంట్ తేడా వస్తే అంతే!

జీఎస్టీ రిటర్న్ వేసేది ఆడిటరే. నోటీసు వస్తే జవాబు రాసేదీ ఆయనే. మరి షాపు అగ్రిమెంట్, పార్ట్‌నర్లతో గొడవ? "అవి కూడా మీరే చూసుకోండి సార్" అనేస్తాం. చిన్న ఊళ్లలో ఇది మామూలే. ఇప్పుడు ఇదే విషయం మీద ప్రపంచవ్యాప్తంగా పెద్ద పంచాయితీ నడుస్తోంది.

అసలేం జరుగుతోంది?
డెలాయిట్, పీడబ్ల్యూసీ, ఈవై, కేపీఎంజీ.. ఈ నాలుగు అకౌంటింగ్ దిగ్గజాలు చాలా దేశాల్లో క్లయింట్లకు లీగల్ సేవలు కూడా ఇస్తున్నాయి. బ్రిటన్‌లో 2007 చట్టంతో ఇందుకు దారి తెరుచుకుంది. అమెరికాలోని అరిజోనాలో 2025 ఫిబ్రవరిలో కేపీఎంజీ లా సంస్థకు లైసెన్స్ వచ్చింది.

మన దగ్గర కుదరదు. 1961 అడ్వకేట్స్ చట్టం ప్రకారం ఎన్‌రోల్ అయిన లాయర్లే ప్రాక్టీస్ చేయాలి. కోర్టులో వాదించడమే కాదు.. సలహా ఇవ్వడం, డాక్యుమెంట్లు రాయడం కూడా లా ప్రాక్టీసేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2019లో ఢిల్లీ బార్ కౌన్సిల్ ఈ నాలుగు సంస్థలకూ నోటీసులిచ్చింది.

ఆడిటర్ ఎంతవరకు?
ఇన్‌కమ్ ట్యాక్స్, జీఎస్టీ అధికారుల ముందు, కంపెనీ లా ట్రైబ్యునల్‌లో సీఏ మీ తరఫున మాట్లాడొచ్చు. చట్టమే ఒప్పుకుంది. కేసు హైకోర్టుకు వెళ్తే మాత్రం మీ తరఫున వాదించడానికి లాయరే కావాలి.

ఆడిటర్ల వైపూ న్యాయం ఉంది. మన లెక్కలన్నీ తెలిసింది ఆయనకే. ఒకే చోట పనైపోతుంది, ఖర్చూ తగ్గుతుంది. జైనూర్ వాళ్లకైతే కోర్టు పనంటే ఊరు దాటి వెళ్లాల్సిందే. మరి ఇబ్బంది ఎక్కడ?

జైనూర్‌లో అసలు చిక్కు ఇదీ
జైనూర్ ఏజెన్సీ మండలం. ఇక్కడ 1/70 చట్టం ఉంది. గిరిజనేతరుల పేరిట భూమి గానీ, ఇల్లు గానీ బదిలీ చేస్తే చెల్లదు. అమ్మకం ఒక్కటే కాదు.. లీజు, తాకట్టు కూడా ఈ చట్టం కిందకే వస్తాయి. ఇచ్చేవాళ్లు ఆదివాసీలైనా, కాకపోయినా రూల్ ఒక్కటే.

ఇప్పుడు జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు షాపు అడ్రస్ ప్రూఫ్ కావాలి. అద్దె షాపైతే అగ్రిమెంట్ పెట్టాలి. మైదాన ప్రాంతపు ఫార్మాట్ తెచ్చి స్టాంప్ పేపర్ మీద ప్రింట్ కొడితే నంబర్ రావొచ్చు. కానీ రేపు గొడవైతే ఆ కాగితం నిలవదు. షాపు ఖాళీ చేయించే అధికారం కూడా ఆఫీసర్లకు ఉంది. అటు ఓనర్, ఇటు వ్యాపారి.. ఇద్దరికీ నష్టమే. ట్యాక్స్ లెక్క ఎంత బాగా వచ్చినా ఈ చిక్కు దానితో తేలదు.

ఇంకోటి.. లాయర్‌కు చెప్పిన రహస్యానికి సాక్ష్య చట్టం రక్షణ ఇస్తుంది. ఆడిటర్‌కు చెప్పినదానికి ఆ రక్షణ లేదు.

మరి ఏం చేయాలి?
పన్ను పని ఆడిటర్‌కే ఇవ్వండి. భూమి, షాపు, పార్ట్‌నర్‌షిప్ కాగితాలు మాత్రం సంతకానికి ముందే 1/70 తెలిసిన లాయర్‌కు చూపించండి. ఫీజు భారం అనుకుంటున్నారా? ఎస్టీలకు, ఎస్సీలకు, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. హెల్ప్‌లైన్ నంబర్ 15100.