కంటికి ఉన్న గౌరవం చెవికి ఎందుకు లేదు?

ఇంట్లో పెద్దవారికి చూపు మసకబారిందంటే మనం ఆలస్యం చేయము. కంట్లో పొర వచ్చినట్లున్నదని మరునాడే ఆసుపత్రికి తీసుకొనిపోతాము. శస్త్రచికిత్స అవసరమైతే సెలవు పెట్టి దగ్గరుండి చేయిస్తాము. నల్లద్దాలు పెట్టుకొని వారు వరండాలో కూర్చుంటే ఇరుగుపొరుగువారు వచ్చి పలకరించి వెళ్తారు. అదే పెద్దవారికి వినికిడి తగ్గితే మనం చేసే వైద్యం ఒక్కటే: గొంతు పెంచుతాము. కొన్నాళ్లకు విసిగి, చెప్పడమే మానివేస్తాము.

వయసుతోపాటు జ్ఞానేంద్రియాలు అయిదూ ఎంతో కొంత మందగిస్తాయి. వాటిలో మన సమాజం అన్నిటికన్న ఎక్కువగా నిర్లక్ష్యం చేస్తున్నది చెవినే అనీ, అందుకు చెల్లిస్తున్న మూల్యం మనం అనుకొనేదానికన్న చాలా పెద్దదనీ నా దృఢమైన అభిప్రాయం. అందుచేత ఈ వ్యాసంలో అధికభాగం చెవికే కేటాయిస్తున్నాను. తక్కిన ఇంద్రియాలు మన్నించాలి.

ప్రభుత్వాల దృష్టిలోనూ ఈ తారతమ్యం ఉన్నది. అంధత్వ నివారణకు మన దేశంలో జాతీయ కార్యక్రమం 1976లోనే మొదలైంది. బధిరత్వ నివారణకు అటువంటి కార్యక్రమం రావడానికి మరి 30 ఏళ్లు పట్టింది. 2006-07లో అది ప్రయోగాత్మకంగా ఆరంభమైంది. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ‘కంటి వెలుగు’ పథకాలు మొదలై ఎందరికో పరీక్షలు జరిపి కళ్లజోళ్లు ఉచితంగా ఇచ్చాయి. మెచ్చుకోదగిన పని. ఆ శిబిరాలలో అక్షరాల పట్టిక పక్కనే వినికిడిని పరీక్షించే చిన్న యంత్రం ఒకటి ఉంచి, అరవై దాటిన ప్రతివారిని రెండవ కుర్చీలో కూడా కూర్చోబెట్టి ఉంటే ఎంత బాగుండేది! అందుకు నిశ్శబ్దమైన గది కావాలి, నిజమే. ప్రాథమిక పరీక్ష వరకు బడిలోని ఒక మూల గది దొరకకపోదు.

చూపు తగ్గినవారిపై జాలి పడే మనమే, వినికిడి తగ్గినవారిని చూసి నవ్వుతాము. మన సినిమాలలో, నాటకాలలో చెవిటి పాత్ర హాస్యానికే పుట్టింది. ‘చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు’ అన్న సామెత సరేసరి. ఆ నవ్వుకు జడిసి మనిషి తన లోపాన్ని దాచుకొంటాడు. వినపడకపోయినా తల ఊపుతాడు. విదేశంలోని కొడుకు ఫోను చేస్తే రెండు మాటలు మాట్లాడి, ‘అమ్మకు ఇస్తున్నాను, మాట్లాడు’ అంటాడు. మీ నాన్నగారు ఈ మధ్య ఆ మాట తరచుగా అంటున్నారేమో ఒకసారి గుర్తు చేసుకోండి. ముభావంగా మారారని మీరు అనుకొంటున్నది వినికిడి లోపమే కావచ్చును.

వయసుతో వచ్చే వినికిడి లోపం విచిత్రమైనది. లోపలి చెవిలో, నత్తగుల్ల ఆకారంలోని భాగంలో, శబ్దాన్ని గ్రహించే సూక్ష్మ రోమకణాలు ఒక్కొక్క చెవికి సుమారు 15 వేలు ఉంటాయి. ఇవి నశిస్తే మనిషిలో మళ్లీ పుట్టవు. హెచ్చు స్థాయి శబ్దాలను అందుకొనే కణాలు ముందుగా దెబ్బతింటాయి. మన మాటలలో అచ్చులు తక్కువ స్థాయిలో, బలంగా ఉంటాయి; స, శ, ఫ, త, క వంటి హల్లుల ధ్వని హెచ్చు స్థాయిలో, బలహీనంగా ఉంటుంది. తెలుగు అజంత భాష కావడంతో పెద్దవారికి మాట ఊపు, రాగం అన్నీ వినపడుతూనే ఉంటాయి. కాని అన్నది పప్పో, కప్పో, తప్పో తెలియదు. ‘వినపడుతున్నది గాని అర్థం కావడం లేదు’ అని వారు చెప్పేది అక్షరాలా సత్యం.

గొంతు పెంచితే ఈ చిక్కు తీరదు. అరిచినప్పుడు పెరిగేది ముఖ్యంగా అచ్చుల బలమే. హల్లు స్పష్టత అంతగా పెరగదు. పైగా రోమకణాలు దెబ్బతిన్న చెవికి మెల్లని శబ్దం వినపడదు, పెద్ద శబ్దం భరించరానిదవుతుంది. అందుకే ‘కొంచెం గట్టిగా చెప్పు’ అన్నవారే మరుక్షణం ‘ఎందుకలా అరుస్తావు?’ అని కసురుకొంటారు. ఇది చాదస్తం కాదు, వ్యాధి లక్షణం.

ఇంకొక సంగతి. సాధారణంగా స్త్రీల, పిల్లల కంఠస్వరం హెచ్చు స్థాయిలో ఉంటుంది. కనుక మామగారికి కొడుకు మాట వినపడినంత సులువుగా కోడలి మాట వినపడకపోవచ్చును. ‘నేను పదిసార్లు చెప్పినా పలకరు, ఆయన ఒక్కసారి పిలిస్తే పలుకుతారు’ అన్న ఫిర్యాదు నా గదిలో లెక్కలేనన్నిసార్లు విన్నాను. ఎన్ని సంసారాలలో ఈ అపార్థం మీద సంవత్సరాల తరబడి అలకలు సాగినవో!

అన్నిటికన్న గంభీరమైన విషయం మతిమరుపునకు సంబంధించినది. చిత్తవైకల్యంపై లాన్సెట్ కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక, సవరించదగిన 14 ప్రమాద కారణాలను పేర్కొన్నది. వాటన్నిటినీ తొలగించగలిగితే దాదాపు 45 శాతం కేసులను నివారించవచ్చును లేదా వాయిదా వేయవచ్చునని అంచనా. అందులో వినికిడి లోపానికి ఇచ్చిన వాటా 7 శాతం. జాబితాలో అన్నిటికన్న పెద్ద వాటాలలో అది ఒకటి. అంతమాత్రాన యంత్రం పెట్టుకొంటే మతిమరుపు రాదని ఎవరైనా మీకు అమ్మజూపితే నమ్మకండి. అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ల వయసుగల 977 మందిపై మూడేళ్లు జరిపిన అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మొత్తం మీద చూస్తే, వినికిడి యంత్రాలు వాడినవారికీ వాడనివారికీ గణనీయమైన తేడా కనపడలేదు. మతి క్షీణించే ముప్పు మొదటినుంచీ ఎక్కువగా ఉన్నవారిలో మాత్రం ఆ క్షీణత వేగం 48 శాతం తగ్గింది. ఆశ పెట్టుకోవడానికి ఇది చాలును. హామీ ఇవ్వడానికి చాలదు.

దీనికి తోడు మరొక అన్యాయం జరుగుతున్నది. ప్రశ్న సరిగా వినపడనివారు పొంతన లేని సమాధానం చెబుతారు. దానితో ఇంటిల్లిపాదీ ‘ఆయనకు మతి తప్పింది’ అని నిశ్చయించుకొంటారు. ఆ తరువాత పొలం సంగతులలో, పెళ్లి మాటలలో ఆయన సలహా అడిగేవారుండరు. మతి పరీక్షకు ముందు చెవి పరీక్ష చేయించమని మీ వైద్యుణ్ణి అడగండి. అది మీ హక్కు.

ఇక యంత్రం సంగతి. కళ్లజోడు పెట్టుకొనగానే అక్షరం కనపడుతుంది. చెవి యంత్రం అలా కాదు. ఏళ్ల తరబడి నిశ్శబ్దానికి అలవాటుపడిన మెదడుకు గిన్నెల చప్పుడు, ఫ్యాను మోత, సొంత గొంతు అన్నీ కొత్తగా, కటువుగా తోస్తాయి. అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట రోజుకు గంట రెండు గంటలు, నిశ్శబ్దమైన గదిలో, ఒక్కరితో మాట్లాడుతూ మొదలుపెట్టి క్రమంగా పెంచాలి. నిపుణుని వద్దకు రెండు మూడుసార్లు వెళ్లి సరిచేయించుకోవాలి. ఈ ఓర్పు లేకనే ఎన్నో యంత్రాలు బీరువాలలో నిద్రిస్తున్నాయి. పరీక్ష లేకుండా కొన్న చౌకరకం పరికరాలు అన్ని శబ్దాలనూ ఒకే తీరుగా పెంచుతాయి. వాటికి దూరంగా ఉండడం మంచిది. ఖరీదు మాట నిజమే. పేద వృద్ధులకు వినికిడి యంత్రాలతో సహా సహాయ పరికరాలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన నెల్లూరులోనే ప్రారంభమైంది. అర్హులైనవారు జిల్లా అధికారులను విచారించవచ్చును.

తక్కిన ఇంద్రియాల గురించి క్లుప్తంగా చెబుతాను. శుక్లం శస్త్రచికిత్సతో నయమవుతుంది; గ్లకోమాలో పోయిన చూపు మాత్రం తిరిగి రాదు, అది నొప్పి లేకుండా పక్కచూపును తినివేస్తుంది. నలభై దాటినవారు కంటి ఒత్తిడిని, దృష్టినాడిని పరీక్ష చేయించుకోవాలి. వాసన శక్తి తగ్గితే వంటగ్యాసు లీకైనా తెలియదు, చారు చప్పగా తోచి ఉప్పు చేయి పెరుగుతుంది, దానితో రక్తపోటూ పెరుగుతుంది. చక్కెర వ్యాధి ఉన్నవారికి పాదాలలో స్పర్శ పోతే గాయం తెలియదు. ప్రతి రాత్రి అరికాళ్లు చూసుకోవాలి, వేడినీళ్లను ముందు చేతితో చూసి గాని కాలు పెట్టరాదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారు బి12 విటమిన్ ఎంత ఉన్నదో చూపించుకోవడం మేలు.

మళ్లీ చెవి వద్దకు వస్తాను. వినికిడి ఒక్కరోజులోనో, రెండు మూడు రోజులలోనో హఠాత్తుగా పడిపోతే అది అత్యవసర పరిస్థితి. చికిత్స తొలి రోజులలోనే మొదలుకావాలి. రెండు వారాలు దాటితే ఫలితం బాగా తగ్గుతుంది. ‘జలుబు వల్ల దిబ్బడ వేసిందిలే’ అని ఊరుకోకండి. ఒక చెవి మాత్రమే మందగించినా తప్పక చూపించండి. గులిమి గట్టిపడి అడ్డుపడిందేమో వైద్యుడు చూస్తాడు. పిన్నీసులు, అగ్గిపుల్లలు, వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలోకి వెళ్లనీయకండి. జెంటామైసిన్, అమికాసిన్ వంటి సూదిమందులు, కాన్సర్‌కు వాడే సిస్‌ప్లాటిన్ వినికిడిని దెబ్బతీయగలవు. అవి అవసరమైనచోట వాడక తప్పదు, అయితే ముందూ తరువాతా వినికిడి పరీక్ష చేయమని అడగవచ్చును.

పరీక్ష జరిగి, యంత్రం వచ్చేలోగా మీరు చేయగలిగినది ఒకటున్నది. టీవీ ఆపి, వెలుతురు మీ ముఖం మీద పడేటట్లు ఎదురుగా కూర్చొని, మామూలు గొంతుతో నిదానంగా మాట్లాడండి. మాట అందకపోతే దానినే మళ్లీ మళ్లీ అరవక, వేరొక మాటతో చెప్పి చూడండి. దూరాన ఉన్న పిల్లలు మామూలు ఫోనుకు బదులు వీడియో కాల్ చేస్తే పెద్దవారికి పెదవుల కదలిక కూడా కనపడుతుంది. వెనుక కిటికీ ఉంటే ముఖం నీడలో పడుతుంది, కాస్త జరిగి కూర్చోండి.