దారి తప్పే విద్యుత్తు

లక్డీకాపూల్ అనగా చెక్క వంతెన అని ఉర్దూ తెలిసిన మన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. చెక్క వంతెన పేరు మోస్తున్న ఆ చోట నేడు నేలపై ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు, కాంక్రీటు స్తంభాలపై మెట్రో రైళ్లు సాగుతున్నవి. మొదటివి 2003లో, రెండవవి 2018లో వచ్చినవి. రెండింటికీ ఆధారం 25,000 వోల్టుల ఏకాంతర విద్యుత్తే. పై తీగను అందరమూ చూస్తాము. రైలును నడిపిన విద్యుత్తు తిరిగి సబ్‌స్టేషనుకు ఏ దారిన పోతున్నదని మాత్రం అడగము.

అది ప్రధానంగా పట్టాల గుండా మరలిపోతుంది. కాని అందులో కొంత భాగం నేలలోకి జారి, పక్కనున్న గొట్టాలను, కేబుళ్లను ఆశ్రయిస్తుంది. ఇంజనీర్లు దీనినే స్ట్రే కరెంట్ అంటారు. బెంగళూరు మెట్రో వలె 750 వోల్టుల ఏకముఖ విద్యుత్తు వాడేచోట దీని హాని ప్రత్యక్షం. ఒక ఆంపియరు విద్యుత్తు ఇనుప గొట్టాన్ని వీడి నేలలోకి పోయేచోట, ఏడాదిలో సుమారు 9 కిలోల ఇనుము కరిగిపోగలదని ఫారడే నియమం చెబుతున్నది. ఏకాంతర విద్యుత్తు ఇనుమును ఇంతగా తినదు. అయినా సమీప టెలిఫోను కేబుళ్లలో వోల్టేజి పుట్టించగలదు. మరలే దారి తెగితే పట్టాల వద్ద పనిచేసేవారి ప్రాణానికే ముప్పు తేగలదు.

నివారణోపాయాల సారమంతా ఒక్కటే: తిరుగుదారిని సుగమం చేయాలి. పట్టాల అతుకుల వద్ద లోహపు బాండ్లు గట్టిగా ఉండాలి. ఏకాంతర పద్ధతిలో బూస్టర్ ట్రాన్స్‌ఫార్మర్లు పట్టాలలోని విద్యుత్తును ప్రత్యేకమైన తిరుగు తీగలోకి లాగుతాయి. ఏకముఖ పద్ధతిలో పట్టాలను నేలనుండి వేరుచేసే బంధకాలు అమర్చి, సబ్‌స్టేషన్లను దగ్గర దగ్గరగా నిర్మిస్తారు.

కాని యంత్రసామగ్రి ఒక్కటే చాలదని మేము భావిస్తున్నాము. పట్టాల వెంట తవ్వే ముందు రైల్వే, మంచినీటి, విద్యుత్తు, టెలిఫోను శాఖలవారు ఒకే పటం ముందు కూర్చోవాలి. ఒకరు వేసినదానిని మరొకరు ఎరుగక తెంచితే నష్టం ప్రజలదే. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఊడిన బాండును వట్టి చేతితో తాకరాదన్న సంగతి పలుగు పట్టిన కూలీకి అతని భాషలో తెలియాలి. ఇంగ్లీషు పుస్తకంలోనే నిలిచిపోయిన హెచ్చరిక అతనిని కాపాడలేదు.

కనుక ఫారడే నియమాన్ని పరీక్షకై వల్లించే మన విద్యార్థులు, దానిని తెలుగులోను ఉర్దూలోను పామరునికి తెలిసేలా చెప్పడం అభ్యసించాలని కోరుతున్నాము. రెండు భాషల కళాశాలకు ఇది తగిన సేవ. కళాశాల కమిటీవారు భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఇందుకు చోటు కల్పిస్తే, ఆ వ్యయం వృథా కాబోదు.